శ్రీకాకుళం కూలీ చెన్నైకి, బీహార్ కూలీ విశాఖకి: ఈ వలసల లెక్క ఏమిటి?

ఉత్తరాంధ్ర వలసల గురించి ఎవరు మాట్లాడినా మొదట వినిపించేది ఒకటే మాట: ఇక్కడ పనుల్లేవు, అందుకే జనం పోతున్నారు. ఆ మాటే నిజమైతే ఇంకో ప్రశ్నకి జవాబు దొరకదు. విశాఖ మధురవాడలో లేస్తున్న అపార్ట్‌మెంట్లకి సెంట్రింగ్ కట్టేవాళ్లు, పరవాడ ఫార్మా సిటీలో డ్రమ్ములు దొర్లించేవాళ్లు ఒడిశా, బీహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి ఎందుకు వస్తున్నారు? పని లేని ఊరికి పని కోసం ఎవరైనా వస్తారా?

పై మెట్టు మీదా ఇదే చిక్కు. ఆంధ్రా యూనివర్సిటీలోనో గీతం యూనివర్సిటీలోనో ఇంజినీరింగ్ చదివిన పిల్లలు హైదరాబాద్, బెంగళూరు రైళ్లెక్కుతారు. స్టీల్ ప్లాంట్‌కి, రిఫైనరీకి, నేవీకి మాత్రం దేశం నలుమూలల నుంచి ఇంజినీర్లు, అధికారులు వచ్చి క్వార్టర్లలో కాపురం పెడతారు. అంటే ప్రతి మెట్టు మీదా కొందరు వెళ్తున్నారు, కొందరు వస్తున్నారు. 'పనుల్లేవు' అన్న మాట ఇందులో సగం కూడా చెప్పదు.

జీతం తేడా వల్లే వెళ్తారనేది రెండో సులువైన జవాబు. తేడా ఉన్న మాట వాస్తవం. రిజర్వ్ బ్యాంకు లెక్కల ప్రకారం 2022-23లో పల్లెల్లో భవన నిర్మాణ కూలీకి కేరళలో రోజుకి సగటున రూ.850 పైన వచ్చింది, మధ్యప్రదేశ్‌లో రూ.280 లోపే. ఇది మూడు రెట్ల తేడా. అయినా మధ్యప్రదేశ్ ఖాళీ అయిపోలేదు. కూలి ఎక్కువున్న చోటికి అందరూ వెళ్లిపోయేటట్టయితే ఈపాటికి ఆ తేడా కరిగిపోయి ఉండాలి.

జాన్ హారిస్, మైఖేల్ టొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1970లో దీనికి ఒక సవరణ చెప్పారు. వలస వెళ్లేవాడు అక్కడి జీతాన్ని కాదు, ఆ జీతం తనకి దొరికే అవకాశంతో గుణించిన జీతాన్ని చూస్తాడన్నారు. ఆరు వందల కూలి వారంలో మూడు రోజులే దొరికితే అది మూడు వందల కిందే లెక్క. ఆదివారం కూడా పని ఉండే చోట నాలుగు వందలైనా అంతకంటే మేలు. మన కూలీలకి ఈ గుణకారం ఎవరూ నేర్పక్కర్లేదు. గాజువాకలో పొద్దున్నే అడ్డా మీద నిలబడి పదింటికి ఖాళీ చేతులతో ఇంటికెళ్లినవాళ్లని అడిగితే చెబుతారు.

ఆ సవరణతో కూడా లెక్క పూర్తిగా తేలదు. నాకు తోచినంతలో అసలు ప్రశ్నలు రెండు. దూరాన ఉన్న యజమానికి నీ పనితనం ఎలా తెలుస్తుంది? ప్రయాణం చెడితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ రెంటికీ జవాబు నైపుణ్యాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. ఎవరు ఎటు వెళ్తారన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

బస్సు చార్జీ ఎవరు పెట్టారు?

అడుగు మెట్టు నుంచి మొదలుపెడదాం. అందరికంటే పేదవాడే అందరికంటే ముందు ఊరు వదులుతాడని మనం అనుకుంటాం. చాలాచోట్ల జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది.

బంగ్లాదేశ్‌లో రంగ్‌పూర్ అనే ప్రాంతం ఉంది. నాట్లకీ కోతలకీ మధ్య అక్కడ ఏటా ఆకలి నెలలు వచ్చేవి. పట్నంలో పని ఉందని తెలిసినా చాలామంది కదిలేవారు కాదు. 2008లో కొందరు పరిశోధకులు అక్కడి పేద కుటుంబాలకి ఎనిమిది డాలర్ల పైచిలుకు, అంటే దాదాపు రానూపోనూ బస్సు చార్జీ ఇచ్చి, ఇంటి నుంచి ఒకరు పనికి వెళ్లాలని షరతు పెట్టారు. ఆ చిన్న మొత్తానికే, డబ్బు ఇవ్వని ఊళ్లతో పోలిస్తే వలస పంపిన కుటుంబాల వాటా 22 శాతం పాయింట్ల మేర పెరిగింది. వెళ్లినవాళ్ల ఇళ్లలో తిండి మెరుగుపడింది. మరుసటి ఏడు డబ్బు ఇవ్వకపోయినా చాలామంది మళ్లీ వెళ్లారు.

అంత లాభం ఉంటే ముందే ఎందుకు వెళ్లలేదు? భయం వల్ల. తినడానికే చాలని ఇంట్లో ఒక ప్రయాణం దండగ అయితే పస్తే. లాభం వచ్చే అవకాశం ఎంత ఉన్నా ఒక్క దెబ్బకి కూలిపోయేవాడు ఆ పందెం వేయలేడు.

మన దగ్గర ఆ బస్సు చార్జీ పెట్టేది కూలీల్ని కూర్చి తీసుకెళ్లే మేస్త్రి. అడ్వాన్సు ఇస్తాడు, టికెట్ తీస్తాడు, అక్కడ రేకుల షెడ్డు చూపిస్తాడు, రేషన్ బియ్యం సంగతి కూడా చూస్తాడు. 'వీడు పనోడే' అని కాంట్రాక్టర్‌కి చెప్పేదీ ఆయనే. చదువు కాగితం లేని మనిషికి మేస్త్రి మాటే సర్టిఫికెట్. పైన అడిగిన రెండు ప్రశ్నలకీ ఒకే మనిషి జవాబు చెబుతున్నాడన్నమాట. అందుకే ఆయన అంత బలవంతుడు. అడ్వాన్సు తీరేదాకా కూలి ఎంతని గట్టిగా అడగలేరు, వేరే సైట్‌కి మారలేరు. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు మన రాష్ట్రాల ఇటుక బట్టీలకి వచ్చేదీ ఈ అడ్వాన్సు మీదే. అక్కడ దాన్ని దాదన్ అంటారు. బట్టీలో చిన్నపిల్లలు కూడా ఇటుకలు తిరగేస్తూ కనిపించడానికి మూలం ఆ అప్పే.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. వందేళ్ల కిందట గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల జనం ఓడలెక్కి బర్మాలోని రంగూన్ రేవులోకీ బియ్యం మిల్లుల్లోకీ పనికి వెళ్లినప్పుడూ మేస్త్రీలే తీసుకెళ్లారు, అప్పుడూ అడ్వాన్సే. జపాన్ బాంబులు పడ్డప్పుడు కొందరు, 1962లో అక్కడ సైన్యం అధికారంలోకి వచ్చాక మరికొందరు తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు పేరు అలా మిగిలింది. రంగూన్ పోయింది, హైదరాబాద్, చెన్నై వచ్చాయి. పద్ధతి మాత్రం అదే.

విశాఖ దాటి చెన్నై దాకా ఎందుకు?

శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైచిలుకు. చెన్నై దాదాపు తొమ్మిది వందలు. 2014 జూన్‌లో చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, ఆ శవాల్లో చాలా భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకే వచ్చాయి. అంత దగ్గరలో విశాఖలోనే అపార్ట్‌మెంట్లు లేస్తుంటే వాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లారు?

మొదటి కారణం తెలిసిందే. ఊరి మేస్త్రి అక్కడున్నాడు. ఒకసారి దారి పడితే తమ్ముళ్లు, బావమరుదులు, పక్క వీధి వాళ్లు అదే దారిన పోతారు. మన జాలర్లు వేటకి వెళ్లే గుజరాత్ రేవు వేరావల్ సంగతి చూడండి. శ్రీకాకుళం తీరంలో పెద్ద మరబోట్లు నిలిచే హార్బరు లేకుండానే దశాబ్దాలు గడిచాయి. గుజరాత్ తీరంలో సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ, చేప ఎక్కువ, బోట్లు వేలల్లో. ఆగస్టులో వేట మొదలయ్యే ముందు అక్కడి బోటు యజమాని తండేలుకి, అంటే బోటు నడిపే పెద్దకి, డబ్బు ఇస్తే, తండేలు తన ఊరి నుంచే మనుషుల్ని కూర్చుకుని వెళ్తాడు. వేసవి దాకా మళ్లీ ఇంటి మొహం చూడరు. 2018 చివర్లో అలా వెళ్లినవాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. అంత జరిగినా వేరావల్ ప్రయాణాలు ఆగలేదు. దారి పడ్డాక దాన్ని మార్చడం అంత కష్టం.

రెండో కారణం చెప్పుకోవడానికి మనకి కాస్త మొహమాటం. సొంత ఊళ్లో తట్ట మోయడానికి ఒప్పుకోని కుర్రాడు హైదరాబాద్‌లో మోస్తాడు. అక్కడ అతన్ని చూసేవాళ్లు లేరు. పెళ్లి సంబంధాల దగ్గర 'మావాడు హైదరాబాద్‌లో పని చేస్తున్నాడు' అంటే సరిపోతుంది, ఏం పనో ఎవరూ తరచి అడగరు.

మూడో కారణం కాంట్రాక్టర్ వైపు నుంచి చూస్తేనే కనిపిస్తుంది. ఆయన నిజానికి కొనేది కూలీ దూరాన్ని. దగ్గర ఊరి కూలీ సాయంత్రం ఆరింటికి బస్సు పట్టుకుంటాడు. సంక్రాంతికి వారం రాడు. ఊళ్లో చావైనా పెళ్లైనా మానేస్తాడు. దెబ్బ తగిలితే అతని వెనక సర్పంచి, సంఘం నాయకుడు, పది మంది బంధువులు వచ్చి గేటు దగ్గర కూర్చుంటారు. బీహార్ నుంచి వచ్చినవాడు షెడ్డులోనే పడుకుంటాడు, రాత్రి పది దాకా స్లాబ్ వేయమన్నా వేస్తాడు, భాష రాదు గనుక గొడవ పెట్టుకోడు. కూలి అంతే ఇచ్చినా యజమానికి అతనే గిట్టుబాటు. చెన్నై బిల్డర్‌కి శ్రీకాకుళం వాడు సరిగ్గా ఇలాంటివాడే. విశాఖ బిల్డర్‌కి పాట్నా వాడు. ఇద్దరూ తమ ఊళ్లో స్థానికులే. స్థానికుడిగా ఉండటమే అక్కడ వాళ్లకి అడ్డం. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని మన రాష్ట్రం 2019లో చట్టం చేసింది. కాంట్రాక్టు లేబర్ విషయంలో ఈ లాభనష్టాల లెక్కని చట్టం ఒక్కటే మార్చలేదని నా అభిప్రాయం.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ దూరం ఖరీదు బయటపడింది. చెన్నై వైపు నుంచి ఒడిశా, బెంగాల్‌కి నడిచీ సైకిళ్ల మీదా వెళ్లినవాళ్లు మన జాతీయ రహదారి మీదుగానే సాగారు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అప్పటికి 1979 నుంచీ పుస్తకాల్లో ఉండేది. అయినా ఎవరు ఎక్కడ పని చేస్తున్నారో పేర్లు ఉన్న రిజిస్టరు చాలా రాష్ట్రాల దగ్గర లేకపోయింది. అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు మొదలైంది 2021లో.

వెల్డర్‌కి మేస్త్రి అక్కర్లేదు

ఒక మెట్టు పైకి వస్తే కథ మారుతుంది. షిప్‌యార్డు, రిఫైనరీ, భారీ పరికరాలు తయారుచేసే పాత బీహెచ్‌పీవీ (ఇప్పుడు బీహెచ్‌ఈఎల్ యూనిట్), స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కాబట్టి మన దగ్గర వెల్డర్లు, ఫిట్టర్లు, భారీ బరువులు ఎత్తి నిలిపే రిగ్గర్లు తరాల తరబడి తయారయ్యారు. వీళ్లలో సిక్స్‌జీ వెల్డర్ అనే మాట వింటుంటాం. ఏటవాలుగా బిగించిన పైపుని కదపకుండా, చుట్టూ తనే తిరుగుతూ వెల్డింగ్ చేసే పరీక్ష అది. చేసిన అతుకుని ఎక్స్‌రే తీసి చూస్తారు. లోపల గాలి బుడగ ఉన్నా దొరికిపోతుంది. పాసైతే గాజువాకలో అయినా జామ్‌నగర్‌లో అయినా దోహాలో అయినా దాని అర్థం ఒకటే.

ఇక్కడే మొదటి ప్రశ్నకి జవాబు మేస్త్రి చేతిలోంచి జారిపోయింది. పనితనాన్ని ఎక్స్‌రే ఫిల్మే చెబుతోంది. అందుకే ఈ వర్గం వాళ్లు ఏ ఒక్క మనిషికీ కట్టుబడకుండా తిరుగుతారు. రిఫైనరీలు కొన్నేళ్లకోసారి యూనిట్ ఆపి మరమ్మతు చేస్తాయి. దాన్ని షట్‌డౌన్ అంటారు. ఆ ముప్పై, నలభై రోజులు వందల మంది వెల్డర్లు, ఫిట్టర్లు కావాలి. తర్వాత అక్కర్లేదు. పని ఒక చోట నిలవదు కాబట్టి పనివాడూ నిలవడు. ఇక్కడ షట్‌డౌన్ అయ్యాక పారాదీప్, అక్కడి నుంచి జామ్‌నగర్, మధ్యలో వీసా దొరికితే గల్ఫ్.

గల్ఫ్ దగ్గర మాత్రం రెండో ప్రశ్న తిరిగి మొలుస్తుంది. వీసా, టికెట్, ఏజెంటు కమిషన్ అన్నీ అప్పే. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ముందు క్లియరెన్స్ తీసుకోవాలి. మోసాల నుంచి కాపాడాలనే ఆ నిబంధన పెట్టారు. దాన్ని తప్పించి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లకి అదే వ్యాపారమైంది.

ఇక కదలనివాళ్ల సంగతి. వలస మీద రాసేవాళ్లు వీళ్లని పట్టించుకోరు. డిగ్రీ చదివి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే టీచరు, జగదాంబ దగ్గర బట్టల షాపులో లెక్కలు రాసే గుమాస్తా, ఎల్‌ఐసీ ఏజెంటు. వీళ్లు హైదరాబాద్ వెళ్తే జీతం కాస్త పెరగొచ్చు, కానీ అద్దె దాన్ని మింగేస్తుంది. కూలీకి అద్దె బాధ లేదు, షెడ్డులో ఉంటాడు, కుటుంబం ఊళ్లోనే. సాఫ్ట్‌వేర్ వాడికి జీతమే అద్దెని మోస్తుంది. మధ్యవాడు కుటుంబంతో వెళ్లాలి, జీతం చాలదు. పైగా అతని నేర్పంతా ఈ ఊరికి అంటుకుని ఉంది. గుమాస్తా విలువ షావుకారు అతన్ని ఇరవై ఏళ్లుగా నమ్మడంలో ఉంది. ఏజెంటు విలువ అతనికి తెలిసిన ఇళ్లలో ఉంది. వాటిని రైల్లో తీసుకెళ్లలేం.

ఊరి ఆసరా కూడా ఒక బరువే. మన దేశంలో పల్లె వదలడానికి మగవాళ్లు ఎందుకు వెనకాడతారన్న దాని మీద కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆపద వస్తే కులం వాళ్లు, చుట్టాలు అప్పో సాయమో చేస్తారు. ఊరు వదిలినవాడికి ఆ తలుపు మెల్లగా మూసుకుంటుంది. కాబట్టి ఆ ఆసరా గట్టిగా ఉన్న చోట కదలిక తక్కువ అని వాళ్లు చూపించారు. అప్పు పుట్టే చోటు వదిలి జీతం పెరిగే చోటికి వెళ్లడం అందరికీ లాభం కాదు.

ఆడవాళ్ల విషయంలో లెక్కే వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 45 కోట్లకి పైగా వలసదారులున్నారు. అందులో అతిపెద్ద కారణం పెళ్లి. ఉద్యోగం కోసం కదలాలంటే జీతం కన్నా ముందు హాస్టల్ సంగతి, రాత్రి షిఫ్టు సంగతి ఇంట్లో చర్చకి వస్తాయి. అచ్యుతాపురం బట్టల తయారీ కంపెనీల్లో వేల మంది ఆడవాళ్లు పని చేస్తున్నారు. వాళ్లలో చాలామంది కంపెనీ బస్సులో పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్లేవాళ్లే. బస్సు రూటు ఎంత దూరం వేస్తే అంత దూరం ఉద్యోగాలు వెళ్తాయి. చదువుకున్న అమ్మాయిలు పట్నం వెళ్లడం లేదని వాపోయే ముందు ఈ బస్సులు ఏ మండలం దగ్గర ఆగిపోతున్నాయో చూడాలి.

ఇంజినీరు అడిగేది రెండో ఉద్యోగం గురించి

ఎ.డి. రాయ్ అనే ఆర్థికవేత్త 1951లో చెప్పిన ఒక ఆలోచన పై మెట్టుకి బాగా పనికొస్తుంది. పనితనాన్ని బట్టి జీతాల్లో తేడా ఎక్కువుండే చోటికి పనిమంతులు వెళ్తారు. తేడా తక్కువుండి కింది జీతం బాగుండే చోటికి కింది మెట్టువాళ్లు వెళ్తారు. కేరళ దీనికి చక్కటి ఉదాహరణ. అక్కడ కూలి ఎక్కువ, కాబట్టి బెంగాల్, అస్సాం కూలీలు వస్తారు. చదువుకున్న మలయాళీలేమో బెంగళూరుకీ గల్ఫ్‌కీ పోతారు. ఒకే రాష్ట్రం, ఒకేసారి రెండు ప్రవాహాలు.

విశాఖలో దీని రూపం ఇంకోలా ఉంటుంది. ప్రభుత్వ రంగ సంస్థల్లో పర్మనెంట్ కార్మికుడి జీతం బయటి మార్కెట్ కంటే మెరుగు, అందుకే ఉక్కునగరం క్వార్టర్ దొరికినవాడు ఊరు వదల్లేదు. అదే క్వార్టర్లో పెరిగి కంప్యూటర్స్ చదివిన కొడుక్కి ఆ జీతాల చట్రం ఇరుకు. తండ్రి నిలవడానికీ కొడుకు వెళ్లడానికీ కారణం ఒకటే. సీతమ్మధారలో, ఎంవీపీ కాలనీలో ముసలి దంపతులు మాత్రమే ఉండే ఫ్లాట్లు ఎన్నున్నాయో ఆ వీధుల్లో తిరిగేవాళ్లకి తెలుసు.

కొడుకు తిరిగి రావడం ఎందుకు కష్టమో చూద్దాం. ఇక్కడ ఐటీ కంపెనీలు లేకపోలేదు. రుషికొండ హిల్స్ మీద ఉన్నాయి, ఇన్ఫోసిస్ 2023లో ఆఫీసు తెరిచింది. రుషికొండ దగ్గరే 21 ఎకరాల పైచిలుకు స్థలాన్ని 99 పైసల నామమాత్రపు ధరకి టీసీఎస్‌కి ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. కానీ పదేళ్ల అనుభవం ఉన్నవాడు విశాఖలో ఉద్యోగం వస్తే అడిగేది దాని జీతం ఒక్కటే కాదు. రేపు ఈ మేనేజరుతో పడకపోతే, కంపెనీ మనుషుల్ని తీసేస్తే, ఇదే ఊళ్లో రెండో ఉద్యోగం దొరుకుతుందా అని. బెంగళూరులో శుక్రవారం మానేస్తే నెలలో ఇంకోటి వెతుక్కోవచ్చన్న ధీమా ఉంటుంది. ఇక్కడ మానేస్తే పిల్లల స్కూలుతో సహా మళ్లీ సామాను సర్దుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఈ టెన్షన్ రెట్టింపు. ఒకే రకం నైపుణ్యం అడిగే యజమానులు ఒకే చోట గుమిగూడితే పనివాళ్లకీ యజమానులకీ ఇద్దరికీ భరోసా అని ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశాడు. ఆయన చూసింది ఇంగ్లండ్ ఫ్యాక్టరీ ఊళ్లని. అనుభవజ్ఞులు లేరని కంపెనీలు రావు, కంపెనీలు లేవని అనుభవజ్ఞులు రారు. ఎకరం ధర తగ్గిస్తే ఈ ముడిలో ఒక కొస మాత్రమే వదులవుతుంది.

విశాఖలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సంబరం: పిల్లలు వెనక్కొచ్చేస్తారని. ఆ హబ్‌లో ప్రధానం సర్వర్లు నిలిపే డేటా సెంటర్. డేటా సెంటర్ అంటే ముందు కాంక్రీటు, స్టీలు, కేబుళ్లు, చల్లబరిచే పైపులు. కడుతున్నన్నాళ్లూ షెడ్లలో ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన చేతులు, గాజువాక వెల్డర్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఎలక్ట్రీషియన్లు ఉంటారు. కట్టడం అయ్యాక సర్వర్లు నడపడానికి కావలసిన మనుషులు పెట్టుబడితో పోలిస్తే తక్కువ. పిల్లలు తిరిగొచ్చేదీ లేనిదీ ఆ భవనాల పక్కన, వాటి మీద ఆధారపడి, ఒకదాని మనుషుల్ని ఇంకోటి లాక్కునే కంపెనీలు ఎన్ని పుడతాయన్న దాని మీద ఉంది. అప్పటిదాకా తల్లిదండ్రులు అడగాల్సింది 'విశాఖలో ఉద్యోగాలొచ్చాయా' అని కాదు, 'మావాడి పని చేయించుకునే కంపెనీలు విశాఖలో ఎన్ని' అని.